కప్పు చప్పుడు

కొండను తొలిచి కట్టిన మా గదిలో కుర్చీలు రెండు. ఒకదాని వీపు ఒకదాని వైపు ఉంటుంది. తీరంలో ఫిరంగుల అభ్యాసం జరిగే రోజుల్లో సముద్రం మీద కనిపించే ప్రతి చుక్కనీ కంప్యూటర్ గుర్తుపట్టి, పక్కన దాని పేరు రాస్తుంది. ఓడ వెనక తాడు కట్టి లాగే ఉత్తుత్తి తెప్పయితే 'గురి' అని రాస్తుంది. అక్కణ్ణుంచి పని మనుషులది. కుర్చీల్లో ఉన్న ఇద్దరమూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, నలభై సెకన్లలో ఎవరి బటన్ వాళ్లు నొక్కాలి. ఇద్దరూ 'కాల్చు' నొక్కితేనే ఫిరంగి పేలుతుంది. ఒక్కరు 'ఆపు' అన్నా, అసలేమీ నొక్కకపోయినా పేలదు. యంత్రం పొరబడితే ఒక మనిషి, ఆ మనిషి పొరబడితే ఇంకో మనిషి. కాగితం మీద ఎంతో బాగుంటుంది.

నాది పదకొండేళ్లుగా మొదటి కుర్చీ. రెండో కుర్చీలో ఐదేళ్లు సిగ్రున్ కూర్చుంది. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది, చూపు మాత్రం నాకంటే చురుకు. దక్షిణాన కొత్త కేంద్రంలో మొదటి కుర్చీ ఆమెకి దాదాపు ఖాయమైపోయింది కూడా.

నాకో నీలం రేకు కప్పు ఉండేది. చేతిలో కాఫీ లేకపోతే నాకు తెర మీద చూపు నిలవదు. కాల్చవచ్చని తేల్చుకున్నాక కప్పు ఇనపబల్ల మీద పెట్టి బటన్ నొక్కేవాణ్ణి. అదొక అలవాటని నాకే తెలియదు, ఒకరోజు భోజనాల దగ్గర సిగ్రున్ నవ్వుతూ అనేదాకా.

"మీ కప్పు చప్పుడైతే చాలు తోర్లైఫ్ గారూ, నా పని సగం అయిపోయినట్టే."

ఆ రోజే ఆ కప్పు తీసుకెళ్లి సముద్రంలో పారేయాల్సింది. పారేయలేదు సరికదా, లోలోపల పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికంటే ఎక్కువ సిగ్గు ఆ పొంగిపోవడానికే.

మార్చిలో, ఉదయం పదిన్నరకి, తెర మీద ఒక చుక్క. పక్కన 'గురి' అని ఉంది. చుక్క తిన్నగా వచ్చింది, నెమ్మదించింది, ఆగింది, కాస్త కదిలి మళ్లీ ఆగింది. ఓడ లాగే తెప్ప అలా ఆగుతూ ఆగుతూ పోదు. వల లాగుకునే పడవ పోతుంది. ఈ సంగతి నాకు ఏ శిక్షణలోనూ నేర్పక్కర్లేదు. మా నాన్న జాలరి, పదేళ్లకే నా చేతులు వల తాళ్లకి కోసుకుపోయాయి. అయినా నేను చుక్కని చూడలేదు, దాని పక్కన రాసిన మాట చూశాను. పదకొండేళ్లలో ఆ మాట ఒక్కసారీ తప్పలేదు మరి. కప్పు పెట్టాను. బటన్ నొక్కాను. వెనక సిగ్రున్ బటన్ కూడా టక్కుమంది.

అభ్యాసం గుండు కాబట్టి అందులో మందు లేదు. పడవ చుక్కాని గదిని మాత్రం ఇటునుంచి అటు చీల్చుకుపోయింది. రేడియో పాడై, చేపల వెంట పడి, అభ్యాసం కోసం మూసేసిన నీళ్లలోకి వచ్చిన ఆ పడవ ఓడ్మున్‌ది. మా నాన్నతో కలిసి వేటకి వెళ్లినవాడు. వెనకవైపు వల లాగుతున్నాడు గనక బతికాడు. ఎడమచెయ్యి మణికట్టు దగ్గర పోయింది.

ఆసుపత్రిలో నన్ను చూసి అతను కోప్పడలేదు.

"కంప్యూటర్‌కి తెలీదు, సరేరా తోర్లైఫ్. పడవ అలా ఆగుతోందంటే వల లాగుతున్నారని నీకూ తెలీలేదా? మీ నాన్న నీకేం నేర్పాడ్రా?"

నేను మంచం కింది చెప్పులు చూస్తూ నిలబడ్డాను.

విచారణకి ముగ్గురు వచ్చారు. మా ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టారు. వాళ్లకి కావలసింది ఒకటే: ఇద్దరూ విడివిడిగా నిర్ణయించారా? నన్నే ముందు అడిగారు. విడివిడిగానే అన్నాను. సిగ్రున్ నావైపు తిరిగి చాలాసేపు చూసింది. తర్వాత వాళ్లతో, అవును, విడిగానే నిర్ణయించాను, సరిగ్గా చూడలేకపోయాను అని చెప్పింది.

బయట నడవాలో ఆమెని ఆపి ఎందుకలా చెప్పావని అడిగాను. ఎంత తెగింపు చూడండి, నేను ఆమెని అడగడం.

"చుక్క ఆగడం నేను చూశాను," అంది. "వేలు 'ఆపు' మీదే ఉంది. ఇంతలో మీ కప్పు చప్పుడైంది. పడవల సంగతి మీకంటే నాకు తెలుసా అనుకున్నాను. కప్పు చప్పుడు విని ఫిరంగి పేల్చానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? మీరు చెబుతారేమోనని చూశాను. అక్కడ కూడా మీకోసమే ఆగాను."

ఆమెని సామాన్ల గిడ్డంగికి మార్చారు. దక్షిణాది కుర్చీ వేరేవాళ్లకి పోయింది. నా గురించి మాత్రం, ఇంత అనుభవజ్ఞుణ్ణి కూడా యంత్రం తప్పుదారి పట్టించిందని రాశారు. నా కుర్చీ నాకే ఉంది. కప్పు ఇంటికి పట్టుకెళ్లి సొరుగులో పడేసి, కాగితం కప్పుతో తాగడం మొదలుపెట్టాను. అదే పెద్ద ప్రాయశ్చిత్తం అనుకున్నాను.

రెండో కుర్చీలోకి యూస్తైన్ వచ్చాడు. పద్ధతి తెలిసినవాడు, నెమ్మదస్తుడు. కొన్ని వారాలకి నాకొక అనుమానం మొదలైంది. నేను నొక్కేసి వెనక్కి వాలి, నా కుర్చీ కిర్రుమన్నాకే ఇతని బటన్ ఎప్పుడూ టక్కుమంటోంది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఫిరంగులు లేకుండా తెర మీదే పరీక్ష పెట్టారు. చుక్క వచ్చింది, 'గురి' అని ఉంది. ఆగింది, కదిలింది, మళ్లీ ఆగింది. చిన్నపిల్లలు కూడా పడవ అనేస్తారు. నేను కదలలేదు. ఇరవై సెకన్లయ్యాయి. ముప్ఫై అయ్యాయి. వెనక అలికిడి లేదు. బటన్ జోలికి పోకుండా, ఊరికే కుర్చీలో వెనక్కి వాలాను. కుర్చీ కిర్రుమంది.

టక్.

తెర మీద అతని నిర్ణయం పడింది: 'కాల్చు'.

గడువు దాటి పరీక్ష ఆగిపోయింది. యూస్తైన్ వెనక్కి తిరిగి, ఏ కల్మషమూ లేకుండా, "మీరు నొక్కలేదేం? నొక్కేశారనుకున్నానే," అన్నాడు.

అతణ్ణి ఏమనాలి? నేను కప్పు మార్చాను, అంతే కదా. లేచి, పక్కగదిలోకి వెళ్లి, విచారణ చేసిన పెద్దాయనకి ఫోన్ చేశాను. ఏమిటి విషయం అని అడిగాడు. ఏడు నెలలుగా చెప్పని మాట అప్పటికి బయటికొచ్చింది.

"ఆ రోజు సిగ్రున్ వేలు 'ఆపు' మీద ఉందండీ."