నూట పన్నెండో పేజీ

మొదట్లో గంగరాజు చేతిలో ఉన్నవి మూడు: కొవ్వూరు స్టేషను రోడ్డులో ఒక కొట్టుగది, అద్దెకిచ్చే నవలలు మూడువందల చిల్లర, ఒక్క పూటలో నూరు మామిడికాయలు కొట్టగల భార్య.

ఫోన్లు వచ్చాక మిగతా పుస్తకాలు దుమ్ము కొట్టుకుపోయినా, హత్యల నవలలు మాత్రం బీరువాలో నిలిచేవి కావు. పుస్తకం తిరిగొస్తే గంగరాజు అట్ట చూడడు, అంచు చూస్తాడు. వేళ్ళ మురికి ఎక్కడ నల్లగా చార కట్టిందో అక్కడే హత్య. ఎంత నలుపో అంత గిరాకీ. అలాంటి ఒక నవలకి నూట పన్నెండో పేజీ దగ్గర అంచు తారు పూసినట్టుండేది. బల్ల మీద పెడితే చాలు, దానంతటదే అక్కడ విచ్చుకునేది.

మే నెలలో ఓ మధ్యాహ్నం, భోజనం తెచ్చిన భార్య బుల్లెమ్మ ముందు అలాగే విచ్చుకుంది. గంగరాజు చెయ్యి కడుక్కొచ్చేలోగా ఆమె ఆ ఒక్క పేజీ చదివేసింది. అంతకుముందు ఆమె నవల ముట్టిందే లేదు.

మర్నాడు ఆవకాయకి కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు దిగాయి, రెండువందలు. పదిహేను ఇళ్ళకి ఏటా ఆమె పెట్టిందే వెళుతుంది. కాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టి కత్తి ముందు కూర్చుంది. మొదటి కాయ టెంక టక్కుమంది. ఆమె కత్తి వదిలేసి లేచిపోయింది.

"ఏమైందే?"

"ఆ చప్పుడు కూడా రాశాడండి అందులో."

"సరేలే, బజార్లో కొట్టించేద్దాం."

"తడికత్తితో కొడతారు, నెలకే బూజు పడుతుంది. అయినా కాయల సంగతి కాదండి. పొద్దున వంకాయ తరుగుతుంటే చెయ్యి నాది కాదనిపించింది."

రెండు రోజులు అలాగే గడిచాయి. కాయ మెత్తబడితే ముక్క నిలవదు. గంగరాజు కొట్లో కూర్చోలేడు, ఇంట్లో నిలవలేడు. వచ్చి ఓ కాయ నొక్కి చూస్తాడు, మళ్ళీ పోతాడు. అతనికి తెలిసిన వర్తకం ఒకటే, సరుకులో చెడ్డది ఏరి పారెయ్యడం. బ్లేడూ, నవలా పట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఆ పేజీ కోసేస్తాను."

"మీరు కాయితం కోస్తే నేను చదివింది పోతుందా? అసలు ఎవరండీ ఆ పిల్ల? ఎందుకు చంపాడు?"

గంగరాజు బ్లేడు పక్కన పెట్టాడు. ఎనభైసార్లు అద్దెకిచ్చాడే గాని, అతనూ ఆ పేజీ తప్ప చదవలేదు.

"మొదట్నించీ చదవండి, వింటాను."

కొట్టు తెరవకుండా కూర్చుని పైకి చదివాడు. ముందు పేజీలు కొత్త నోట్లలా ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఆ పిల్ల పేరు ఉమాశ్రీ. నర్సు. తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుని డ్యూటీకి పరిగెడుతుంది. నవ్వితే పొలమారుతుంది. నూట పన్నెండు దగ్గరికొచ్చేసరికి గంగరాజు ఆగిపోయాడు. భార్య ముఖం చూస్తూ ఒక్క వాక్యం చదవలేకపోయాడు.

"ఇలా ఇవ్వండి."

వేలు పెట్టి ఆమే చదివింది. చదివి ఏడ్చింది. మొన్న ఏడవలేదు.

"చూశారా? ఎముకలు రాశాడు, మెడ రాశాడు. ఆ పిల్ల పేరు ఒక్కసారైనా లేదండి ఇందులో."

అతని జేబులో పెన్సిలు తీసుకుని, 'శరీరం' అని ఉన్నచోటల్లా పక్కన 'ఉమాశ్రీ' అని రాసింది. ఏడు చోట్ల. తరవాత ముఖం కడుక్కుని కత్తి ముందు కూర్చుంది. మధ్యమధ్య కత్తి పక్కన పెట్టి ఆగింది. సాయంత్రానికి నూరు కాయలు తెమిలాయి. మిగతావి అప్పటికే మెత్తబడ్డాయి.

వారం తరవాత బ్యాంకు గుమస్తా ఉదయ్‌భాస్కర్ ఆ నవల తిరిగిచ్చాడు.

"ఏంటండీ గంగరాజుగారూ, పేజీ నిండా ఈ రాతలు?"

"రబ్బరుతో చెరిపేస్తాలెండి."

"ఇప్పుడు చెరిపి ఏం లాభం? ఎప్పట్లాగే సరాసరి అక్కడికే వెళ్ళానండి. ఈ ఉమాశ్రీ ఎవరా అని వెనక్కెళ్ళి మొదట్నించీ చదవాల్సొచ్చింది. రెండు రోజులు అన్నం సయించలేదు. నాకిలాంటివి ఇంకివ్వకండి బాబూ."

ఆ వేసవికి తేలింది ఇదీ. ఆవకాయ ఎనిమిది ఇళ్ళకే చాలింది. గంగరాజు ఇంటికని ఉంచుకునే జాడీ కూడా ఆ ఇళ్ళకే పోయింది. వారానికి రెండు నవలలు పట్టుకెళ్ళే ఆ బ్యాంకు గుమస్తా రావడం మానేశాడు. కొత్తగా చేరింది మాత్రం ఆ పుస్తకం అంచున, మొదటి పేజీల దగ్గర, వేళ్ళ మురికి సన్నటి చార.