ట్రాక్టరు ముందు చక్రాలు లేచిన రోజు

గేట్ల మేస్త్రికి ఏ పని చేసినా దానికో పువ్వు పెట్టందే చెయ్యి ఊరుకోదు. వీధి గేట్లకీ కిటికీ చువ్వలకే కాదు, కోళ్ళగూటి తలుపుకి కూడా కమ్మీ వంచి ఒక తీగ, రెండు ఆకులు అతికించినవాడు. అలాంటి మనిషి గేదెల షెడ్డు కట్టుకుందామని, ట్రాక్టరు వెనక నాగలి తగిలించే చోట బరువులెత్తే ఇనుపచెయ్యి ఒకటి సొంతంగా తయారుచేశాడు. దానికీ మొదలు నుంచి కొస దాకా తీగ పాకించాడు. ఎవరిదో మేడ గేటు ఊడబెరికి ట్రాక్టరుకి వేలాడదీసినట్టు ఉంది.

షెడ్డు గోడల మీదికి ఆరు ట్రస్సులు, అంటే రేకులు మోసే ఇనుప చట్రాలు, ఎక్కించాలి. నిజానికి అందుకు ఇంత తంటా పడక్కర్లేదు. ఆయన తోడల్లుడికి, భార్య అక్క మొగుడికి, సొంత క్రేనుంది. కానీ వాళ్ళిద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. క్రేనాయన కొత్తింట్లో దిగిన రోజు, గేట్ల మేస్త్రి నెల్లాళ్ళు కూర్చుని చేసిచ్చిన గేటును నలుగురి ముందూ ఊపి చూసి, ఇది మూసుకోవాల్సిన వైపు తెరుచుకుంటోందే అన్నాడు. అంతే. ఆనాటి నుంచి అల్లుళ్ళిద్దరూ ఒకే అత్తగారింటికి వేరువేరు రోజుల్లో వెళ్తున్నారు.

గేట్ల మేస్త్రి భార్య దర్జీ. ఇనుపచెయ్యికి ఆఖరి బోల్టు బిగిస్తుంటే మెడలో టేపుతో వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

“జాకెట్టు వెనకపక్క బిగిస్తే ముందుపక్క పైకి లేస్తుంది. దీనికి ముందు బరువేం పెట్టారు?” అని అడిగింది.

జాకెట్టుకీ ట్రాక్టరుకీ పొత్తేమిటని ఆయన నవ్వేశాడు. ఆవిడ వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే పని మొదలైంది. చిన్నల్లుడి ప్రతాపం చూద్దామని అత్తగారు వచ్చింది. గోడ పక్కన పరంజా మీద తాపీ పనివాడు సిద్ధంగా నిలబడ్డాడు. ఎవరు చేరవేశారో గానీ క్రేనాయన కూడా వచ్చాడు. ఊరికే రాలేదు, మడత కుర్చీ, గొడుగు తెచ్చుకుని కంచె అవతల దర్జాగా ఆసీనుడయ్యాడు. గేట్ల మేస్త్రి అటు చూడలేదు. చూడలేదన్న సంగతి ఆయనకి తెలిసేలా చూడలేదు.

మొదటి ట్రస్సు నేల విడిచి హాయిగా పైకి లేచింది. గేట్ల మేస్త్రికి ఛాతీ ఉప్పొంగింది. గోడ దాకా వెనక్కి నడిపి, ఇంకో మూరెడు లేపుదామని లివరు లాగాడు. ట్రస్సు లేవలేదు. దాని బదులు కళ్ళ ముందున్న బానెట్టు లేచింది. తర్వాత కంచె కనిపించడం మానేసింది. ఆ తర్వాత ఒట్టి ఆకాశం మిగిలింది. మంగలి కుర్చీలో వాలినట్టు వెల్లకిలా ఉండి, స్టీరింగు పట్టుకుని, ఆయన మబ్బుల వంక చూస్తున్నాడు.

ట్రస్సు ఒక కొస గోడ మీద ఆనింది. రెండో కొసను తాపీ పనివాడు రెండు చేతులా కౌగిలించుకున్నాడు. “లివరు ముట్టుకోకండి మేస్త్రీ, ఇది జారితే నేనూ దీంతోపాటే” అని పైనుంచి అరిచాడు. గేట్ల మేస్త్రి వేలు కూడా కదపలేదు.

ముందుగా కదిలింది అత్తగారు. కొంగు బిగించి, గాల్లో ఉన్న బంపరు పట్టుకుని వేలాడింది. ట్రాక్టరు మర్యాదగా కాస్త కిందికి దిగింది. అంతలో ఆవిడ ఫోను మోగింది. ఎవరిదో చూద్దామని ఆవిడ చేతులు వదిలేసింది. అల్లుడు మళ్ళీ ఆకాశానికి వెళ్ళిపోయాడు. ఫోను పెద్దకూతురిది. ఏం చేస్తున్నావమ్మా అంటే, ఇప్పుడే చిన్నల్లుణ్ణి దించుతున్నాను, మళ్ళీ చేస్తానంది.

అప్పుడు క్రేనాయన గొడుగు ముడిచాడు. కంచె దాటి వచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, బంపరును వాటేసుకున్నాడు. ఆయన భారీ మనిషి. అత్తగారు కూడా ఇంకో పక్క పట్టుకుంది. ముందు చక్రాలు దిగి దిగి, నేలకి జానెడు ఎత్తున ఆగిపోయాయి. ఆ జానెడూ దిగితే గానీ ట్రస్సు సమంగా కూర్చోదు, బోల్టులు పడవు.

భార్య నీళ్ళ డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చింది. దాన్ని గొలుసుతో బంపరుకి వేలాడేలా కట్టి, మోటారు వేసి పైపు అందులో పెట్టింది. పైపు నుంచి నీళ్ళు చిటికెన వేలంత ధారగా పడుతున్నాయి.

“బావా, నిండేదాకా వదలకండి. అరగంట పడుతుంది,” అంది.

అరగంట. బానెట్టుకి ఇవతల గేట్ల మేస్త్రి, అవతల క్రేనాయన. ఇద్దరి మొహాల మధ్యా రెండు గజాల దూరం కూడా లేదు. తిప్పుకోవడానికి ఇంకో దిక్కు లేదు.

చివరికి గేట్ల మేస్త్రే గొంతు సవరించుకున్నాడు. “మీ క్రేను తెస్తే ఈ వేలాడే పని తప్పేది కదా, అన్నయ్యా.”

“దాని ఆయిలు సీలు పోయి బరువెత్తడం లేదు,” అన్నాడు క్రేనాయన, బంపరు మీద గడ్డం ఆనించి. “నెల్రోజులైంది. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో తోచక, కుర్చీ పట్టుకుని ఎక్కడ ఏ పని జరిగితే అక్కడ కూర్చుంటున్నాను.”

గేట్ల మేస్త్రికి మనసు చివుక్కుమంది. నవ్వడానికే వచ్చాడనుకున్నాడు ఇందాకటి దాకా.

“ఆ గేటు,” అన్నాడు, “బందులు నేనే తిరగేసి బిగించాను. ఇంటికెళ్ళాక తెలిసింది. ఒప్పుకోబుద్ధి కాలేదు.”

క్రేనాయన బంపరు మీంచి గడ్డం ఎత్తాడు. “తెరుచుకోవడం సంగతి నాకు పట్టలేదు తమ్ముడూ. ఆ రోజు వచ్చినవాళ్ళంతా గేటే చూశారు. ఇల్లు చూసినవాడు ఒక్కడు లేడు. అత్తయ్యగారు సైతం గడప దాటకుండా ఆ పువ్వులే నిమురుతూ నిలబడ్డారు.”

“బాగుంటే నిమరనా?” అంది అత్తగారు పక్క నుంచి, ఒగరుస్తూ.

క్రేనాయనకి నవ్వొచ్చింది. నవ్వుకి బంపరు ఊగింది, బంపరుకి ట్రాక్టరు, ట్రాక్టరుకి ట్రస్సు. పరంజా మీది మనిషి అందరి కాళ్ళూ పట్టుకుంటాను నవ్వకండని బతిమాలాడు. ఆపుకోవాలనుకున్న కొద్దీ తోడల్లుళ్ళిద్దరికీ కళ్ళవెంట నీళ్ళు కారాయి.

డ్రమ్ము అంచు దాకా నిండేసరికి చక్రాలు మెత్తగా నేల మీద ఆనాయి. తాపీ పనివాడు బోల్టులు బిగించి, దిగి, ఒక మూల అరగంట కూర్చున్నాడు.

మిగిలిన ఐదు ట్రస్సులూ రెండు రోజుల్లో ఎక్కాయి. నిండిన డ్రమ్ము ముందు అలాగే వేలాడుతుంటే, లివరు దగ్గర క్రేనాయన కూర్చున్నాడు. ఎప్పుడు ఎంత లాగాలో ఆయన చేతికి తెలుసు. గేట్ల మేస్త్రి కింద నిలబడి తాడు పట్టుకుని ట్రస్సును తిప్పాడు. మూడో రోజు రేకులు పడ్డాయి. సాయంత్రానికి గేదెల్ని తోలుకొస్తే మూడిట్లో రెండు నేరుగా లోపలికి నడిచాయి. చిన్నది మాత్రం గుమ్మంలో ఆగి, పైకప్పు వంక అనుమానంగా చాలాసేపు చూసి, ఆ తర్వాత వెళ్ళి తొట్టిలో మూతి పెట్టింది.