అచ్చియ్యమ్మ కొంగు

బెల్లం వండే పాకలో, పెద్ద పెనంలో చెరకురసం పొంగుకొచ్చింది. పైడితల్లి పొయ్యిలోకి ఎండు పిప్పి తోస్తూనే వెనక్కి చూసింది. నాలుగేళ్ళ కూతురు గౌతమి గోనెపట్టా మీద బోర్లా పడుకుని మొహం మోచేతిలో దాచుకుంది. వేడివేడి బెల్లంముద్ద చూపిస్తే గంతులేసే పిల్ల, ఇవాళ చెయ్యి కూడా చాపలేదు.

"కళ్ళకి పొగ తగిలిందే, ఇంకేటీ కాదు" అంది అత్త అచ్చియ్యమ్మ.

పాక దగ్గర ఆడుకునే కూలీల పిల్లలందరి కళ్ళూ ఆవిడే తుడుస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో చీరకొంగు ముంచి, పుసులు కరిగేదాకా, ముద్దుమాటలు చెబుతూ. గౌతమి తర్వాత చెరకు కొట్టేవాళ్ళ బాలు, వాడి తర్వాత ఇంకొకరు. అందరికీ అదే కొంగు.

పాక యజమాని బంగార్రాజు కిందటి వారమే మందులషాపులో అడిగి చుక్కలమందు తెప్పించాడు. పిల్లలందరికీ ఒకటే సీసా. మర్నాటికి కళ్ళ ఎరుపు విరిగింది. "సూసేరా! దీనికి ఆస్పత్రెందుకే?" అన్నాడు. అందరూ నమ్మారు. ఇప్పుడు గౌతమి వెలుగు చూస్తేనే కేకలు పెడుతోంది.

పైడితల్లి కూలి వదులుకుని పాపను చంకనేసుకుంది.

చోడవరం ఆస్పత్రిలో డాక్టరమ్మ చుక్కలమందు సీసా చూసి, పాప రెప్ప ఎత్తి, రంగు అద్ది, నీలంలైటు వేసింది. నల్లగుడ్డు మీద పచ్చటి మచ్చ మెరిసింది.

"ఇది పొగ కాదమ్మా. కళ్ళకలక ఒకరి నుంచి ఒకరికి అంటింది. ఈ చుక్కలు ఎరుపును దాచి, లోపల పుండును పెంచాయి. మానెయ్యి. కొత్త మందు గంటకోసారి వెయ్యాలి, రాత్రి కూడా. పాప కళ్ళు తుడిచే గుడ్డ పాపకే వాడాలి. మిగతా పిల్లల్నీ తీసుకురా."

"సూపుంటాదా అమ్మా?"

"రేపు మళ్ళీ చూశాకే చెప్పగలను."

తిరిగొచ్చేసరికి పాకలో బంగార్రాజు తనే పిప్పి తోస్తూ చెమటలు కక్కుతున్నాడు.

"మహారాణిగోరు వొచ్చేరు! మంట పడిపోతంది. పాకం సెడిపోతే నువ్వు తింటావేటే?"

పైడితల్లి సబ్బుతో చేతులు కడుక్కుంది. పొగ రాని గట్టు మీద కూర్చుని పాప తల ఒళ్ళో పెట్టుకుంది.

"గంటగంటకీ మందెయ్యాలి బాబూ. నాను పొయ్యికాడికి రాను."

"అయితే రేపట్నుంచి అసలు రాకు!"

ఆమె కొత్త మందు మూత తీసింది. చుక్క పడగానే గౌతమి గిలగిల్లాడింది. చెంపల మీద నీళ్ళు కారాయి. అచ్చియ్యమ్మ తడికొంగుతో పరుగెత్తుకొచ్చింది.

"నా బంగారుతల్లే..."

పైడితల్లి ఆ చేతిని పట్టుకుంది. "వొద్దత్తా. ఒకరి కళ్ళది ఇంకొకరికి అంటుకుంటాదంట."

"నా కొంగేటి సేసిందే?"

 పైడితల్లి ఆ చేతిని వదల్లేదు.

ఇంతలో బాలు తడుముకుంటూ వచ్చాడు. అంటుకుపోయిన రెప్పలతో, రోజూలాగే అచ్చియ్యమ్మ ముందు మొహం పైకెత్తి నిలబడ్డాడు. ముసలామె తడికొంగును పిడికిట్లో బిగించి, ఆ మొహంకేసే చూస్తూ ఉండిపోయింది.