పెద్దవాళ్ళు ఉండే చోటు

ఆ రోజు ఇంట్లో తాతయ్య, నాన్న, ఇళ్ళ ప్లాన్లు గీసే మేడమ్, నేను ఉన్నాం. అమ్మ పనికి వెళ్ళింది. నలుగురం అని డైరీలో రాసి, కొట్టేసి, ఐదుగురం అని దిద్దాను. నానమ్మ వంటింట్లో ఉంది.

పోయిన ఎండాకాలం తాతయ్య కళ్ళు తిరిగి పడిపోయాడు. అందుకే పెద్దవాళ్ళు ఎండకి తట్టుకునేలా ఇంటిని మార్పించాలని నాన్న అనుకున్నాడు. పది రోజుల క్రితం మేడమ్ వచ్చి నా చేతికి థర్మామీటరు ఇచ్చి, "పెద్దవాళ్ళు పగలు ఎక్కువసేపు ఉండే చోట తగిలించి, రోజూ రెండింటికి ఎంతుందో రాసిపెట్టమ్మా" అన్నారు. ఎక్కడ అని నేను అడగలేదు. కొత్తవాళ్ళ ముందు నాకసలు నోరు పెగలదు. తిన్నగా వెళ్ళి తాతయ్య మంచం పక్కన తగిలించాను. పది రోజులూ ముప్పై నాలుగు, ముప్పై ఐదు అని గుండ్రటి అక్షరాలతో రాశాను.

మేడమ్ తాతయ్య గదిలోనే బల్ల మీద ప్లాను పరిచారు. చక్కగా ఉంది. పడమటి కిటికీకి పొడుగాటి చూరు, వేడిగాలి పోవడానికి కప్పు కింద వెంటిలేటర్లు, మంచం నుంచి స్నానాలగది దాకా పట్టుకుని నడవడానికి కమ్మీ. వంటింటికీ తాతయ్య గదికీ మధ్య ఇప్పుడున్న పాత తలుపు బదులు, సందు లేకుండా మూసుకునే దళసరి తలుపు.

"ఇక వంటింటి సెగ మీ దాకా రాదండీ."

"అదీ మాటంటే!" తాతయ్య మురిసిపోయాడు.

"మరి మామ్మగారు పగలు ఎక్కడుంటారు?" అని అడిగారు మేడమ్.

"ఎక్కడుంటుందండీ, ఇంట్లోనే," అన్నాడు నాన్న.

"ఆవిడకి ఎండా లేదు, వానా లేదు. ఉక్కుముక్క!" అని తాతయ్య నవ్వాడు.

లోపలి నుంచి నానమ్మ కూడా నవ్వింది. "నాకేంటమ్మా, అలవాటే. టీలో చక్కెర ఎంత వెయ్యమంటారు?"

ఆ నవ్వు విన్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. పోయిన ఎండల్లోనే ఒక మధ్యాహ్నం నానమ్మ పొయ్యి ముందు గోడకి ఆనుకుని జారిపోయింది. నేను చూశాను. "ముందు కూర దించవే, మాడిపోతోంది" అంది. దించాను. కాసేపటికి తనే లేచింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. కూర మాడి ఉంటే రాసేదాన్నేమో. పెద్దవాళ్ళంటే ఇద్దరని తెలిసి కూడా నా కాళ్ళు తాతయ్య మంచం వైపే ఎందుకు వెళ్ళాయి? నాకు అలా వెళ్ళమని ఎవరూ చెప్పలేదే.

థర్మామీటరు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. నానమ్మ నెత్తిన తడిగుడ్డ కప్పుకుని, రేకుల కప్పు కింద నిలబడి ఉంది.

"ఇక్కడెందుకే, ఉడికిపోతావ్, పో."

పోలేదు. మేకుకి తగిలించి, ఐదు నిమిషాలు ఆమె పక్కనే నిలబడ్డాను. తర్వాత తలుపు బార్లా తెరిచి, ఇది నా గొంతేనా అనిపించేంత గట్టిగా అన్నాను.

"మేడమ్, పెద్దవాళ్ళు ఉండే చోట నలభై మూడు."

మేడమ్ పెన్సిలు ప్లానులో వంటింటి దగ్గరికి వెళ్ళి ఆగింది.

నాన్న లేచి వచ్చాడు. "సెగంతా తాతయ్య మీదికి కొడుతోంది, కనపడట్లేదా?" అంటూ, నానమ్మా నేనూ లోపల ఉండగానే తలుపు మూసేశాడు.