పొద్దుటి బాంబు

కోదండరామయ్యకి పక్షులంటే పడదు. కలిదిండికీ కైకలూరుకీ మధ్య చేపల చెరువులున్న ఏ రైతుకీ పక్షుల మీద ప్రేమ ఉండదు గానీ, మిగతావాళ్ళది విసుగు, ఈయనది పగ. గూడబాతు ఒక్కసారి మూతి ముంచితే ఎన్ని శీలావతి చేపపిల్లలు పోతాయో తలుచుకుంటే ఆయనకి అన్నం సహించేది కాదు. ఇంటి వెనక చిన్నచెరువు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దారాలు కట్టించి, వాటికి మెరిసే రిబ్బన్లు వేలాడదీయించాడు. అదీ చాలక, రోజూ తెల్లవారగానే కాఫీ అయినా తాగకుండా వెనక గట్టు మీదికి వెళ్ళి, ఖాళీ రేకు డబ్బా బోర్లించి, దాని కింద దీపావళి బాంబు పెట్టి వత్తి అంటించేవాడు. ఆ మోతకి మురుగు కాలవ అవతల తుమ్మచెట్ల మీద నుంచి కొంగలూ నీటికాకులూ గూడబాతులూ ఒక్కపెట్టున లేచేవి. అవి లేవడం కళ్ళారా చూసి, నోరారా తిట్టి, అటు నుంచి అటే రోడ్డవతల పెద్దచెరువు చూసుకోవడానికి వెళ్ళిపోయేవాడు. పెళ్ళైన కొత్తల్లో మొదలుపెట్టిన ఈ అలవాటు కొడుక్కి మీసాలొచ్చినా మానలేదు.

ఆ కొడుకే ఇప్పుడు వెళ్ళి పక్షులతో చేతులు కలిపాడు.

భానుప్రకాష్ ఏలూరులో ఒక ట్రావెల్స్ ఆఫీసులో కొన్నాళ్ళు పనిచేసి, ఆ ఉద్యోగం వదిలేసి వచ్చి, చిన్నచెరువు గట్టు మీద అతిథుల కోసం రెండు గదులు కట్టాడు. వెనక గట్టు మీద కర్రలతో ఒక మంచె వేశాడు. గుమ్మం ముందు రంగుల బోర్డు పెట్టాడు. కైకలూరు వచ్చినవాళ్ళు చుట్టుపక్కల ఏమేం చూడాలో, ఏమేం చేయాలో అందులో రాయించాడు: కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనం, ఆటపాకలో పడవ షికారు, ఏలూరులో తివాచీల నేత, మా ఇంటి చేపల పులుసుతో భోజనం. అన్నిటికంటే కింద, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో, తెల్లవారుతుండగా మా మంచె మీద నుంచి పక్షుల గుంపులు.

కోదండరామయ్య ఆ బోర్డు ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చదివాడు.

"దొంగలు ఇంట్లో పడే వేళ కూడా రాయించావేంరా, చూడ్డానికి వస్తారు జనం" అన్నాడు.

"పక్షులు దొంగలు కాదు నాన్నా. వాటిని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. మీరు పొద్దున్నే ఆ బాంబు వేసి తరిమేస్తున్నారు గానీ, లేకపోతే మన గట్టు మీదే వాలతాయి. నేను పడుకున్న మంచం మీద నుంచే, కిటికీలోంచి రోజూ చూస్తున్నాను. మీ బాంబు పేలగానే మన వెనక గట్టు మీదే తిరుగుతాయి."

"తిరుగుతాయి, భయపడి. నా గట్టు మీద వాలే ధైర్యం ఒక్కదానికీ లేదు. నేను బతికుండగా రాదు కూడాను."

మాటకి మాట పెరిగింది. కోదండరామయ్య భార్య గంగాభవాని వంటింటి గుమ్మంలో నిలబడి అన్నీ వింది. చివరికి తండ్రీకొడుకులు పందెం వేసుకున్నారు. వచ్చే ఆదివారం పొద్దున్న బాంబు వేయకూడదు. ఆ రోజు అతిథులు మంచె మీద నుంచి పక్షుల గుంపు చూస్తే చిన్నచెరువు కొడుకుది. దారాలన్నీ కోసేసి, నీళ్ళని పక్షులకి వదిలేస్తాడు. చూడకపోతే మంచె పీకేసి, ఆ రెండు గదుల్లో మేత బస్తాలు వేసుకుని, నోరెత్తకుండా తండ్రి వెంట చెరువుల మీదికి వస్తాడు.

చిన్నచెరువంటే కోదండరామయ్యకి ఒట్టి చెరువు కాదు. ఆయన మొదటి చెరువు అది. ఏటా వరి ముంపుకి పోతుంటే విసిగిపోయి, తన చేతులతో పలుగు పట్టి తవ్వుకున్న చెరువు. దాన్ని గూడబాతులకి రాసివ్వడమంటే ఆయన ప్రాణం ఒప్పుకోదు. అయినా పందేనికి ఇట్టే ఒప్పేసుకున్నాడు. ఇన్నేళ్ళుగా తరిమి తరిమి కొట్టిన పక్షులు ఒక్క పూట బాంబు మానేస్తే వచ్చి వాలతాయా? ఆయన చేయవలసిందల్లా చేతులు కట్టుకుని కూర్చోవడమే. అంత తేలిక పని ఆయన జన్మలో ఎప్పుడూ చేయలేదు. అదే వచ్చిన చిక్కు.

శనివారం తాడేపల్లిగూడెం నుంచి అతిథులు కారులో దిగారు. హేమంత్‌కుమార్ గారు కాలేజీ లెక్చరర్, మోచేతంత లెన్సు తగిలించిన కెమెరా ఆయన మెడలో. భార్య రమ్యశ్రీ గారి మెడలో బైనాక్యులర్స్. బోర్డు మీదున్నవన్నీ ఆ ఒక్క పగట్లోనే చుట్టేసి, సాయంత్రానికి ముఖాలు వేలాడేసుకుని తిరిగొచ్చారు. కొల్లేటికోటలో జనం ఎక్కువట. ఆటపాకలో పక్షులు మరీ దూరంగా ఉన్నాయట. ఏలూరులో మగ్గం మీద తివాచీ అంగుళం కూడా కదల్లేదట.

"మీ మంచె ఒక్కటే మిగిలిందండీ మా ఆశకి" అన్నాడు హేమంత్‌కుమార్, నవ్వకుండా.

భోజనాల దగ్గర గంగాభవాని బొచ్చె చేప పులుసు వడ్డించింది. రమ్యశ్రీ ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగింది. "ఏమీ అనుకోకండీ, కొంచెం మట్టివాసన వస్తోందండీ" అంది ఎంతో మెత్తగా.

చెరువు చేప పెంచినవాడి ముందు అనకూడని మాట ఏదైనా ఉందంటే అదొక్కటే. కోదండరామయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మట్టిలో పుట్టింది కదండీ, అత్తరు వాసన రాదు" అన్నాడు.

"నాన్నా!" అన్నాడు భానుప్రకాష్.

"నేనేమన్నానురా? మర్యాదగానే చెప్పాను కదా. చెప్పానా లేదాండీ?"

రమ్యశ్రీ పెరుగన్నంతో సరిపెట్టుకుంది. గంగాభవాని ఆ మిగిలిన పులుసు గిన్నె మీద మూత పెట్టి లోపలికి తీసుకెళ్ళింది. మూత కొంచెం గట్టిగానే పెట్టింది.

ఆదివారం తెల్లవారింది. బాంబుల పెట్టెకి భానుప్రకాష్ ముందురోజే తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అతిథులిద్దరూ మంచె ఎక్కారు. కోదండరామయ్య మంచె కిందే, మేత షెడ్డు అరుగు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తూర్పున ఎరుపెక్కింది. కాలవ అవతల తుమ్మచెట్ల మీద పక్షులు తెల్లగా, నల్లగా, బారులు తీరి కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. అన్నీ ఇటువైపే తిరిగి ఉన్నాయి గానీ ఒక్కటి కూడా కాలవ దాటి రాలేదు.

ఎండ పడింది. మంచు విడిపోయింది. హేమంత్‌కుమార్ కెమెరా మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. భానుప్రకాష్ ముఖంలో రంగు కాస్త కాస్తగా దిగిపోవడం కోదండరామయ్య తృప్తిగా చూశాడు. ఇంత సుఖమైన పొద్దు ఆయనకి ఈ మధ్యకాలంలో లేదు. లేచి వెళ్ళి కాఫీ తెచ్చుకుని మరీ తాగాడు. వంటింటి వెనక గంగాభవాని తట్ట పక్కన పెట్టుకుని ఊరికే నిలబడి ఉండడం చూశాడు గానీ, ఎందుకు నిలబడిందో అడగలేదు. ఆవిడ ఎందుకు నిలబడుతుందో ఆయన ఎన్నడూ అడగలేదు.

చివరికి హేమంత్‌కుమార్ మంచె దిగాడు.

"ఏవండీ భానుప్రకాష్ గారూ, అవతలి గట్టు మీదున్న కొంగల్ని ఇవతలి గట్టు నుంచి చూడ్డానికాండీ మమ్మల్ని పిలిచింది? ఆ మాత్రం బస్సులోంచి కూడా కనపడతాయి కదండీ."

"కాసేపు చూద్దామండీ, సార్..."

"చూసేదేముందండీ. పక్షులకి తెలియదాండీ ఎవరేమిటో? ఈ దారాలు, ఈ రిబ్బన్లు! ఇలాంటి ఆసాములే కదండీ కొల్లేరుని నమిలి మింగేసింది. సరస్సంతా ముక్కలు చేసి చెరువులు కట్టేశారు. ఇక పక్షులు రమ్మంటే ఎందుకొస్తాయండీ?"

ఇంతవరకూ కోదండరామయ్య ఓర్చుకున్నాడు. గెలుపు చేతిలో ఉంది, కాసేపటికి వీళ్ళ కారు కదులుతుంది. కానీ అప్పుడు కన్నకొడుకు నోరు విప్పాడు.

"మా నాన్నగారు అంతేనండీ. ఆయనకి చేప తప్ప లోకంలో ఇంకేదీ కనపడదండీ. నేనూ చెప్పి చెప్పి సిగ్గుపడి ఊరుకున్నానండీ" అన్నాడు.

సిగ్గుపడ్డాడట! ఈ చేపలతోనే కదా వీడు ఏలూరులో చదివింది. ఈ చేపలతోనే కదా ఈ గదులు లేచింది. కోదండరామయ్యకి చెవుల్లో పొగలొచ్చాయి. పందెం గుర్తులేదు, చెరువు గుర్తులేదు. పక్షుల కోసం వచ్చినవాళ్ళు పక్షుల్లాగే లేచిపోవాలి, అంతే. కొడుకు పెట్టెకైతే తాళం వేశాడు గానీ, అన్నేళ్ళ అలవాటున్న మనిషి మేత బస్తాల సందులో ఒక బాంబు దాచుకోకుండా ఉంటాడా? తీశాడు. రేకు డబ్బా బోర్లించాడు. "నాన్నా, వద్దు!" అని భానుప్రకాష్ పరుగెత్తుకొచ్చేలోగా వత్తి అంటుకుంది.

మోతకి రమ్యశ్రీ మంచె మీద కెవ్వుమంది.

కాలవ అవతల తుమ్మచెట్లు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. పక్షులు లేచాయి. రోజూలాగే లేచాయి. రోజూ అయితే అక్కడికి కోదండరామయ్య వెనక్కి తిరిగి పెద్దచెరువు దారి పట్టేవాడు. ఈ రోజు మాత్రం కొడుకు తన చొక్కా కాలరు పట్టుకుని ఉండడం వల్ల అక్కడే నిలబడ్డాడు. నిలబడి, జీవితంలో మొదటిసారి, ఆ తరవాత ఏం జరుగుతుందో చూశాడు.

పక్షులు పారిపోలేదు. కాలవ దాటాయి. కొంగలు, వాటి వెనక నీటికాకులు, వాటన్నిటినీ తోసుకుంటూ గూడబాతులు, వెనక గట్టు నిండా దిగాయి. ఎక్కడెక్కడి చెట్ల మీదివో ఇంకా వస్తూనే ఉన్నాయి. మంచె చుట్టూ, షెడ్డు కప్పు మీద, ఆయన కాళ్ళకి బారెడు దూరంలో. ఒక గూడబాతు బోర్లించిన రేకు డబ్బా పక్కకే వచ్చి నిలబడి, మెడ సాచి వంటింటి వైపు చూసింది.

వంటింటి వెనక నుంచి గంగాభవాని తట్ట చంకన పెట్టుకుని వచ్చింది. మొగుణ్ణి చూసి ఒక్క క్షణం ఆగింది. తరవాత, చూస్తే చూశాడులే అనుకున్నట్టు, తట్టలోని చచ్చిన చేపల్ని గట్టు మీద విసిరింది. పక్షులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"అద్భుతమండీ! అద్భుతం!" అని హేమంత్‌కుమార్ కెమెరా కంటికి ఆనించుకుని మంచె మీదికి ఎగబాకాడు. "ఇదేదో ముందే చెప్పొచ్చు కదండీ! బాంబుతో పిలుస్తారాండీ మీరు?"

కోదండరామయ్య పెళ్ళాం చేతిలోని తట్ట వైపు చూశాడు. చెరువులో చచ్చి తేలిన చేపని ఎప్పటికప్పుడు గోతిలో సున్నం వేసి పూడ్చాలని ఆ ఇంట్లో నియమం పెట్టింది ఆయనే. పూడ్చే పని పెళ్ళానిది.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?" అన్నాడు.

"భాను ఏలూరులో కాలేజీకి వెళ్ళిన ఏడాది నుంచండీ."

"మరి సున్నం?"

"జామచెట్టు మొదట్లో పోశాను. కాయలు బాగా కాస్తున్నాయని మీరే అన్నారు కదా." ఆవిడ ఖాళీ తట్ట దులిపింది. "గోతులు తవ్వి తవ్వి నా నడుం విరిగిపోయింది. మీరు బాంబు వేస్తే పెద్దచెరువు వైపు వెళ్ళిపోయారని నాకు తెలుస్తుంది. అప్పుడొచ్చి వేసేదాన్ని. నాకు తెలిసినట్టే వాటికీ తెలిసింది. నేనేం చేయను?"

"నడుం నొప్పైతే నాతో చెప్పొచ్చు కదా!"

"చెప్పాను. అప్పుడు మీరు గూడబాతుల్ని తిడుతున్నారు."

ఆయన గట్టు మీద చతికిలబడ్డాడు. ఇన్నేళ్ళూ కాఫీ కూడా తాగకుండా, వానలో గొడుగేసుకుని, జ్వరంలో దుప్పటి కప్పుకుని వచ్చి ఆయన చేసిన పని ఇదన్నమాట. పగవాళ్ళని రోజూ వేళకి విస్తళ్ళ ముందుకి పిలవడం. కొల్లేరులో ఇంత శ్రద్ధగా పక్షుల్ని మేపినవాడు ఇంకొకడు లేడు. ఏడుపొచ్చింది గానీ, ఆ హేమంత్‌కుమార్ ఎక్కడ ఫోటో తీస్తాడోనని మింగేశాడు.

భానుప్రకాష్ తండ్రి పక్కకి వచ్చాడు. గెలిచినవాడి ముఖమే గానీ, తండ్రి కళ్ళలోకి మాత్రం చూడలేదు.

"నాన్నా, వాళ్ళు ఇంకో రోజు ఉంటారట. రేపు పొద్దున్న కూడా..."

"నేను వేయను. చస్తే వేయను."

కొడుకు వెనక్కి తిరిగాడు. షెడ్డులోంచి కత్తి తెచ్చి, చెరువు మీది మొదటి దారాన్ని కోశాడు. అది రిబ్బన్లతో సహా నీళ్ళలో పడింది. రెండోదాని దగ్గరికి నడిచాడు.

గంగాభవాని తట్ట కింద పెట్టి, చేపల నీసు కొడుతున్న చెయ్యి మొగుడి ముందు చాచింది.

"మీరు వేయకపోతే నేనే వేస్తాను. ఆ అగ్గిపెట్టె ఇలా ఇవ్వండి."

ఆవిడ గొంతులో ఎక్కడా కోపం లేదు. కోపం ఉండి ఉంటే కోదండరామయ్య సమాధానం చెప్పేవాడే.  రొంటిన దోపుకున్న అగ్గిపెట్టె తీసి ఆ చేతిలో పెట్టాడు.