అసిరమ్మ పెట్టిన రెండో పొయ్యి

కనకరత్నానికి బుర్ర లేదని కాదు. బుర్ర ఉండబట్టే వచ్చింది తంటా అంతా. తొమ్మిదో తరగతి తెలుగు మేస్టారు గురునాథరావు గారు "మీ ఊరి జ్ఞాపకం ఒకటి రాయండర్రా, బాగున్నది వార్షికోత్సవంలో చదివిస్తాను" అన్నారు. మిగతా పిల్లలు నాలుగు ముక్కలు గిలికి చేతులు దులుపుకుంటే, ఈ పిల్ల మనసు పెట్టి రాసేసింది. స్టీల్ ప్లాంటుకి ఊరు ఖాళీ చేసి కాలనీకొచ్చిన ఇళ్లే అన్నీను. రాయడానికి కరువా?

రాసింది నవ్వొచ్చే సంగతే. ఊళ్లో ఉండగా, వేరు పొయ్యి ఉన్న కాపురానికే వేరే స్థలం ఇస్తారని పుకారు పుట్టింది. ఆమె నాన్న జగ్గారావుకీ, చిన్నాన్న సన్యాసిరాజుకీ ఒకటే వంట. విచారణకి ఆఫీసరు వస్తున్నాడని తెలిసి, మామ్మ అసిరమ్మ పెరట్లో అప్పటికప్పుడు మట్టితో రెండో పొయ్యి పెట్టింది. కొత్త పొయ్యికి మసెక్కడిది? తాటాకులు తగలేసి నల్లగా చేసింది. పిన్ని చిలకమ్మ దాని ముందు కూర్చుని, ఉత్త నీళ్లు మరగబెడుతూ, వేరుపడిన కోడలిలా మూతి ముడుచుకుంది. జీపు అటు వెళ్లిందో లేదో, అందరూ ఒకే కుండ చుట్టూ చేరి పొలమారేదాకా నవ్వుకున్నారు. తల్లి లేని కనకరత్నాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని పిన్నే తినిపించింది. ఆ మాటా రాసింది.

మేస్టారు మురిసిపోయి దానికే మొదటి బహుమతి ఇచ్చారు.

వార్షికోత్సవం నాడు వేదిక ఎక్కాక చూసింది కనకరత్నం ముఖ్య అతిథిని. ఆనాడు జీపు దిగిన ఆఫీసరే. చిన్నాన్న స్థలం కాగితం ఇంకా ఆయన దగ్గరే నానుతోంది. మైకులో "అసిరమ్మ పెట్టిన రెండో పొయ్యి" అని పేరు కూడా చదివేశారు. ఎదురుగా చాపల మీద కాలనీ కాలనీయే ఉంది. ముందు వరసలో మామ్మా, పిన్నీ.

"మేస్టారండీ, నాకు గొంతు పట్టేసిందండీ," అంది.

"దానికేం, నువ్వు పక్కన నిలబడు. నేను చదివేస్తాను," అన్నారాయన. గోదావరి వైపు నుంచి వచ్చిన మనిషి, ఆయనకేం తెలుసు పాపం! అసలు సంగతి చెవిలో చెబుదామంటే ఆఫీసరు మూరెడు దూరంలో కూర్చున్నాడాయె. పిల్లకి ఏడుపొక్కటే తక్కువ.

"నానే సదువుతానండీ," అని కాగితం లాక్కుంది.

పుకారు మాట వచ్చేదాకా ఉన్నదున్నట్టు చదివింది. అక్కడ నోరు ఆగింది. ఆఫీసరు తలెత్తి చూశాడు. ఇక ఏదో ఒకటి అనాలి.

"మా పిన్నికి నేనంటే పడేది కాదు. తల్లి లేని పిల్లకి నేను కూడు పెట్టలేనని గొడవ పడింది. అందుకని మా మామ్మ రెండో పొయ్యి పెట్టింది. ఆ పొయ్యి మీద ఏం వండినా నాకు పెట్టేవారు కాదు."

మేస్టారు నోరు వెళ్లబెట్టారు. అసిరమ్మ తల దించుకుంది. కాలనీలో సగం మంది అలాంటి పొయ్యిలు పెట్టినవాళ్లే, ఒక్కరూ కిక్కురుమనలేదు. ఆఫీసరు మాత్రం కళ్లు తుడుచుకుని, మైకందుకుని, "ఆ పిన్నిగారు వచ్చారా?" అన్నాడు.

చిలకమ్మ లేవక తప్పలేదు.

"తల్లి లేని పిల్లమ్మా. కాస్త దయగా చూసుకో."

చిలకమ్మ ఒక్క క్షణం కనకరత్నం వైపు చూసింది. చేతులు జోడించింది. "తప్పైపోనాది బాబూ," అంది. చప్పట్లు మోగాయి.

ఇంటికెళ్లే దారిలో కనకరత్నం పిన్ని కొంగు పట్టుకుంది. "స్థలం పోతాదని అలగ సెప్పాను పిన్నీ."

"తెలుసే అమ్మీ. మంచి పనే సేసినావు." చిలకమ్మ కొంగు మెల్లగా విడిపించుకుంది. "అంత బేగి ఆ మాటే ఎలగ దొరికిందా అని సూత్తన్నాను. ఎప్పుడైనా నీకలగ అనిపించిందేటి?"

లేదంది కనకరత్నం. ఒట్టు పెట్టింది, వెక్కి వెక్కి ఏడ్చింది. చిలకమ్మ పిల్ల కళ్లు తుడిచి, ఊరుకోమంది.

స్థలం వచ్చింది. చిలకమ్మ ఎప్పటిలాగే పిల్లకి అన్నం పెట్టేది. కాకపోతే పెట్టిన ప్రతిసారీ కంచం వైపు చూసి, "సాలా? ఇంకొంచెం ఎయ్యనా?" అని చుట్టాల పిల్లని అడిగినట్టు అడిగేది.