అరికాళ్లకు అంటని పౌడరు

పొద్దున్నుంచి అది నాలుగోసారి. కోడలు రబ్బరు బూటు విప్పి, అరికాలిని ఇనుప తొట్టి అంచుకేసి పరపరా రాస్తోంది. ఎనిమిదో నెల పొట్ట అడ్డం వస్తుంటే ఒక చెయ్యి గోడకు ఆనించింది. తొట్టి అంచుకు నెత్తురంటింది.

"బూటు తొడుక్కో పిల్లా, మేస్త్రీ చూస్తే ఊరుకోడు" అంది అత్త, ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి.

"చూస్తే చూడనీ అత్తయ్యా. కాళ్లు నరికేసుకోవాలనుంది నాకు."

ఆ లాండ్రీలో ఆస్పత్రుల దుప్పట్లు ఉతుకుతారు. మరకలు పోవడానికి తొట్టిలో తెల్ల పౌడరు కలుపుతారు. అది మరకతోపాటు చేతుల తోలూ ఊడదీస్తుంది. గ్లౌజులు ముగ్గురికి ఒక జత. ఒకరికి కుడిది, ఒకరికి ఎడమది, మూడోవాళ్లకి దేవుడే దిక్కు. అందుకే అక్కడ దురదను ఎవరూ జబ్బు అనుకోరు. కొత్తగా చేరినవాళ్లతో "జీతం ఆలస్యమవుతుందేమో గానీ దురద మాత్రం టైముకొస్తుంది" అని నవ్వుతారు.

మూడు వారాల కిందట కోడలు గోక్కోవడం మొదలుపెడితే అత్త కూడా నవ్వేసింది. నూనె రాసుకోమంది. రాత్రుళ్లు నిద్ర లేదంటే నెలలు నిండే వేళ ఎవరికి నిద్రుంటుందంది. మూత్రం ముదురు రంగులో వస్తోందంటే నీళ్లు తాగడం లేదని తిట్టింది. అదీ నిజమే, బాత్రూముకు పోవడానికి ముప్ఫైమందికి ఒక్కటే టోకెను మరి. కిందటి వారం పరీక్షకు తీసుకెళ్తే నర్సమ్మ మాత్రం నవ్వలేదు.

"చేతులంటే సరే. బూట్లలో ఉన్న అరికాళ్లకి పౌడరెలా అంటిందమ్మా? ఒంటిమీద ఒక్క పొక్కు కూడా లేదే" అంటూ నెత్తురు తీసి పరీక్షకు పంపింది.

ఇప్పుడు వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. పనివాళ్ల ఫోన్లన్నీ గేటు దగ్గర రేకు పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. "పెద్దమ్మా, నీ ఫోను ఆగకుండా మోగుతోంది. ఆస్పత్రి నుంచంట" అన్నాడు.

అత్త గేటు దగ్గర నిలబడి నర్సమ్మ మాట వింది.

"అది పౌడరు దురద కాదమ్మా. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి లివరు సరిగ్గా పనిచెయ్యదు. పైత్యరసం నెత్తుట్లో కలుస్తుంది. కాన్పయ్యాక తల్లికి తగ్గిపోతుంది, భయమంతా బిడ్డకే. మీ కోడలికి చాలా ఎక్కువుంది. బిడ్డ గుండె చెప్పాపెట్టకుండా ఆగిపోవచ్చు. ఇప్పుడే తీసుకురండి. మందులిచ్చి, కనిపెట్టుకుని ఉండి, అవసరమైతే ముందే కాన్పు చేస్తాం."

అత్త ఫోను పెట్టేసింది. పాతికేళ్ల కిందట ఇదే తొట్టి అంచుకు తనూ అరికాళ్లు రాసింది. రెండో కాన్పు. తొమ్మిదో నెలలో ఒక పొద్దున బిడ్డ కదలడం మానేసింది. ఆడపిల్ల, తలనిండా జుట్టు. తడి మూటలెత్తావు, నీ బిడ్డను నువ్వే చంపుకున్నావు అన్నారందరూ. ఆమె నమ్మింది. పాతికేళ్లు ఆ మాట మోసింది. తనకొచ్చింది ఇదే జబ్బో కాదో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. అప్పుడు అడిగినవాళ్లూ లేరు. ఒళ్లు మండిపోయింది ఆమెకు.

కోడలిని వెంటబెట్టుకుని పోయి నర్సమ్మ మాటలన్నీ మేస్త్రీకి చెప్పింది. అతను అంతా విన్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు కుర్చీలో కూర్చుని డ్రాయరు లాగాడు.

"సెలవివ్వడానికి నాకేం బాధ పెద్దమ్మా? రాక్షసుణ్ణా నేను? ఈ కాయితం మీద నీ కోడలి వేలిముద్ర పడితే గేటు పాసిచ్చేస్తా. లేదంటే మాత్రం ఇద్దరూ రేపట్నుంచి రానక్కర్లేదు."

అక్కడ చదువొచ్చినవాళ్లకైనా వేలిముద్రే. సంతకమంటే ముందు చదువుతారని వాడి భయం. కానీ పదో తరగతి దాకా చదివిన కోడలు ఊరుకోలేదు. ఇంకు పెట్టెలో బొటనవేలు అద్దుతూనే పైకి చదివింది.

"'కంపెనీ ఇచ్చిన గ్లౌజులు నేను తొడుక్కోలేదు. నాకు గాని, నా కడుపులో బిడ్డకు గాని ఏం జరిగినా పూర్తి బాధ్యత నాదే.'"

అత్త డ్రాయరులోకి తొంగి చూసింది. అవే కాయితాలు, ఒక కట్ట. పేరు రాసే చోటొక్కటే ఖాళీ. కడుపులో బిడ్డ అన్న మాట అచ్చులోనే ఉంది. ముందే అచ్చు వేయించుకున్నాడంటే ఇంతకుముందు ఎన్ని కడుపుల మీద వేలిముద్రలు వేయించాడో.

"వేసేస్తా అత్తయ్యా. టైం లేదు" అంది కోడలు.

అత్త ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఏం పెద్దమ్మా! పౌడరు వల్ల కాదని నర్సమ్మే చెప్పిందిగా. ఇంక ముద్ర వెయ్యడానికేం?" అన్నాడు మేస్త్రీ.

పాతికేళ్లుగా ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా 'మీరు' అన్న మనిషి ఆమె.

"జబ్బు నీ పౌడరుది కాదురా. ఆ జబ్బుని మూడు వారాలు మాకు కనపడకుండా చేసింది నీ పౌడరు. ఇక్కడ అందరి చేతులూ పుండ్లే కాబట్టి దీని దురద ఎవరికీ ఆనలేదు. అందరితోపాటు నేనూ నవ్వాను. నా తప్పు నేను ఒప్పుకుంటా. నీ తప్పు మాత్రం ఈ పిల్ల వేలితో ఒప్పుకోనివ్వను."

"పాసు లేకుండా గేటెలా దాటుతావో చూస్తా!"

"చూద్దువుగాని, కళ్లున్నాయిగా."

బల్లమీద అప్పుడే ఇస్త్రీ చేసి పెట్టిన దుప్పట్ల దొంతర ఉంది. అత్త కోడలి బొటనవేలిని పై దుప్పటికేసి, ఇంకు పోయేదాకా తుడిచింది. తొట్ల దగ్గర ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి.

గేటు దగ్గర వాచ్‌మన్ పాసు అడగలేదు. మొహం పక్కకు తిప్పుకుని తలుపు లాగాడు.

ఆటో కదిలాక కోడలు మెల్లగా అంది. "అత్తయ్యా, పొద్దున్నుంచీ పనిలో పడి గమనించలేదు. కదులుతోందా?"

అత్త పొట్టమీద చెయ్యి వేసింది. పౌడరు తిన్న అరచెయ్యి, మొద్దుబారిపోయి ఉంది. ఇంకాస్త అదిమింది. ఏమీ తెలియలేదు. ఇంత గొడవలోనూ చెమర్చని కళ్లు అప్పుడు చెమర్చాయి.

చెయ్యి తీసేసి, వంగి, పొట్టకు చెంప ఆనించింది. ఆటో గతుకుల్లో ఎగిరెగిరి పడుతోంది.

"కాస్త మెల్లగా పోనియ్యి నాయనా" అంది డ్రైవరుతో. "వినాలి నేను."